ఫ్లాష్ వెలిగింది, ఫోటో పడలేదు

నా జబ్బు గురించి ఇంతకుముందు కొన్ని చోట్ల మాట్లాడిన. దవాఖానకు కొత్తగా వచ్చే పేషెంట్ల ముందర మాట్లాడిన, మొయినాబాద్‌లో మా ఫోటోగ్రాఫర్లు కూసున్నప్పుడు మాట్లాడిన. విన్నవాళ్లు మెచ్చుకున్నరు. కానీ మాట్లాడిన ప్రతిసారి ఒక ముక్క మింగేసిన. జబ్బు నాకు చేసిన నష్టమంతా చెప్పిన గని, ఆ జబ్బు చాటున నిలబడి నేను ఇంకొక మనిషికి చేసిన అన్యాయం చెప్పలేదు. ముడిమ్యాల యాదగిరి తన సొంత చెల్లె పెండ్లి ఫోటోలు తన చేతుల మీదనే ఖరాబైనయని ఏండ్ల తరబడి నమ్మిండు. ఖరాబు చేసింది ఆయన కాదు, నేను. ఈసారి అది కూడా కలిపి మొదటి నుంచి రాస్తున్న.

నా పేరు రాజేశం. చేవెళ్ల బస్టాండు దగ్గర మాది ఫోటో స్టూడియో. మా బాపుది కిరాణం దుకాణం. నేను కెమెరా పట్టుకున్న కొత్తల్లో, "ఉప్పు పప్పు అమ్మేటోని కొడుకువు, మొకాలు అమ్ముతవారా" అని ఎక్కిరించేటోడు. యాదగిరి నాకంటే చిన్నవాడు, పక్కనే ముడిమ్యాల ఊర్లో వ్యవసాయం ఇంటివాడు, నన్ను అన్నా అని పిలుస్తడు. పెండ్లిళ్లలో ఫోటోలు నేను తీసేది, వీడియో ఆయన తీసేది.

హైటెక్ సిటీ దిక్కు అద్దాల బిల్డింగులు లేస్తున్న కాలం అది. సాఫ్ట్‌వేర్ జీతాలు మొయినాబాద్ దాకా వచ్చి ఫాంహౌజులు అయినయి, ఫంక్షన్ హాళ్లు అయినయి. ముహూర్తాలు ఉన్న నెలల్లో మాకు కూసునే తీరిక ఉండేది కాదు. యాదగిరి భుజం మీద వీడియో కెమెరాతోనే బంతిలో నిలబడి లడ్డు తినేటోడు. "రెండో చెయ్యి ఖాళీగనే ఉన్నది గదా అన్నా" అనేటోడు.

ఆ రోజుల్లో మా దిక్కు స్టూడియోల వాళ్లందరికీ ఇంకో పని కూడా ఉండేది. రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే స్టేషన్ నుంచి కబురు వచ్చేది. కేసు కోసం ఫోటోలు కావాలె. పెండ్లికి ఏ కెమెరా తీసుకపోతమో దానికీ అదే కెమెరా. పెండ్లి రీలు కొంచెం మిగిలి ఉంటే ఆ మిగిలిన దాని మీదనే తీసేది. రీలు వృథా చెయ్యొద్దు కదా. అందరం అట్లనే చేసేది, ఎవరికీ వింతగా తోచలేదు.

ఒకనాడు మా దగ్గరి ప్రొద్దుటూరు ఊరోళ్ల పెండ్లి మొయినాబాద్ హాల్లో తీసిన. అప్పగింతలకు ముందు ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకొని ఆపింది. "బిడ్డా, అందరితోని కాదు, నేనొక్కదాన్నే ఉండేటట్టు ఒకటి తియ్యి. నా జిందగీల నాకొక ఫోటో లేదు" అన్నది. గోడకు నిలబెట్టి, "నవ్వు అవ్వా" అన్న. నవ్వింది. మంచి నవ్వు.

పొద్దు గూకక ముందే కానిస్టేబుల్ బండి మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నడు. పెండ్లివాళ్లు పోతున్న డీసీఎం వ్యాను మూలమలుపు దగ్గర బోర్లపడ్డది. పెండ్లిపిల్ల, పెండ్లికొడుకు కారులో ముందర పోయిన్రు కాబట్టి దక్కిన్రు. వ్యానులో ఉన్నవాళ్లలో కొందరు దక్కలేదు. నేను రీలు మార్చలేదు. పొద్దున నవ్విన మొకం, పొద్దు గూకంగ అదే మొకం, ఒకటే రీలు మీద పడ్డయి. దాని గురించి ఇంతకంటే రాయను.

ఇంటికి వచ్చి అన్నం తిన్న. మంచిగనే నిద్రపోయిన. నాకేం కాలేదనుకున్న.

కొన్ని వారాల తరువాత ఒక పొద్దున స్టూడియోకు భార్యాభర్తలు పిల్లలతోని వచ్చిన్రు. కూసోబెట్టి, లైట్లు పెట్టి, "జర నవ్వుండ్రి" అన్న. నవ్విన్రు. కరెంటు కొట్టినట్టు నా చెయ్యి కెమెరా మీది నుంచి ఎగిరి వెనక్కు వచ్చింది. నేను భయపడి చెయ్యి తియ్యలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. చెయ్యి వచ్చింది, గుండె దడదడ కొట్టుకున్నది, ఆ తరువాత నాకు భయమైంది. అంతా తిరగబడిన వరుసలో జరిగింది.

"ఏమైందే అన్నా, షాక్ కొట్టిందా?" అని ఆ ఇంటాయన అడిగిండు.

"ఫ్లాష్ వైరు" అన్న. నిజంగ అదే అనుకున్న.

ఫోటోగ్రాఫర్‌కు ఏం తేడా వచ్చినా మొదలు కెమెరాను అనుమానిస్తడు. కోఠికి తీసుకపోయి రిపేరు చేసే ముసలాయనకు ఇచ్చిన. ఆయన విప్పి, చూసి, మళ్లీ బిగించి, "కెమెరా మస్తుగున్నది సేట్, నీ తబియత్ ఎట్లున్నది?" అన్నడు. వైద్యం చదువుకోని ఆయన ఒక్కడే సరైన ప్రశ్న అడిగిండు గని నేను నవ్వి వచ్చేసిన. తరువాత కండ్లను అనుమానించి అద్దాలు మార్పించిన. తరువాత గుండెను. చేవెళ్లలో డాక్టరు ఈసీజీ తీసి, "నార్మల్ ఉంది, గ్యాస్ అయ్యుంటది" అని గోలీలు రాసిండు. సిటీలో ఇంకొకాయన బీపీ చూసి ఉప్పు తగ్గించమన్నడు. ఎవరికీ నేను యాక్సిడెంట్ ఫోటోల సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని నాకే తెల్వదు.

మా సుజాత, అంటే నా భార్య, చిల్కూరు గుడికి పోయి ప్రదక్షిణలు చేద్దామన్నది. పోయినం. చుట్టూ సాఫ్ట్‌వేర్ పిల్లలు వీసా కోసం తిరుగుతున్నరు, నడుమ నేను. ఒకాయన నన్ను, "ఏ కంట్రీ సార్?" అని అడిగిండు. "చేవెళ్ల" అన్న. దేవుని దగ్గర మనసు తేలికైంది, అది నిజం. కానీ బయటికి వచ్చి రోడ్డెక్కంగనే మళ్లీ మొదలు. ఎందుకంటే ఆ యేడు మొయినాబాద్ రోడ్డంతా ప్లాట్ల హోర్డింగులు. ప్రతి హోర్డింగు మీద నవ్వే మొగుడు, నవ్వే పెండ్లాం, నవ్వే పిల్లలు. బస్సులో నేను తల వంచుకొని నా చెప్పులు చూసుకుంట పోయేది. నన్ను ఎరిగినవాళ్లు రాజేశానికి పొగరు పెరిగిందని అనుకున్నరు.

ఆ ఎండాకాలమే యాదగిరి చెల్లె లక్ష్మి పెండ్లి కుదిరింది. వేరే పెండ్లిళ్లు ఏదో సాకు చెప్పి తప్పించుకుంటున్న. దీనికి ఏ సాకు చెప్పను? "అన్నా, నేను పెండ్లిపిల్ల అన్నను, పని మీద ఉంట. వీడియో వద్దులే, నువ్వు ఫోటోలు తీస్తే సాలు" అన్నడు యాదగిరి.

పెండ్లినాడు వాళ్లింటి ముందర పందిట్లో నేను చెప్పులు విడిచేలోపే నా చేతిలోని కెమెరా గుంజుకున్నడు. "మా లక్ష్మి పెండ్లి రీలు నేనే ఎక్కిస్త" అన్నడు. ఎక్కించిండు. మూత పెట్టి, లివర్ తిప్పి, రీలు లోపల పట్టిందా లేదా అని పక్కనున్న పిన్ను తిరుగుడు చూసిండు. నాకు కూడా చూపించిండు. తిరిగింది. నేను నా కండ్లతోని చూసిన.

జీలకర్ర బెల్లం పెట్టే యాళ్లకు నడుమ పట్టిన తెర దించిన్రు. లక్ష్మి తల ఎత్తి నవ్వింది. వ్యూఫైండర్‌లో ఆ నవ్వు కనబడంగనే షటర్ మీది వేలు ఎగిరిపోయింది. మళ్లీ పెట్టిన, మళ్లీ ఎగిరింది. చుట్టూ జనం, "అన్నా తియ్యి తియ్యి" అంటున్నరు. ఫ్లాష్ గన్ వెనుక ఒక చిన్న బటన్ ఉంటది, లైటు పని చేస్తున్నదా అని చూసుకునేందుకు. అది నొక్కితే లైటు వెలుగుతది గని కెమెరా తెరుచుకోదు. నేను కండ్లు గట్టిగా మూసుకొని అది నొక్కిన. పందిరంతా తెల్లగ మెరిసింది. జనం తృప్తిపడ్డరు. పుస్తె కట్టేటప్పుడు అదే నొక్కిన. తలంబ్రాలకు అదే. గ్రూపు ఫోటోలకు అదే. కండ్లు మూసుకొని షటరన్న నొక్కి ఉంటే ఏదో ఒకటి పడేది. ఆ తెలివి నాకు చాలా రోజుల తరువాత వచ్చింది.

కడిగిస్తే రీలు మొత్తం ఖాళీ. యాదగిరి స్టూడియోకు వచ్చి నిలబడ్డడు. ఫోటోగ్రాఫర్లందరికీ ఎప్పుడో ఒకసారి జరిగే పొరపాటు ఒకటున్నది. ఎక్కించినప్పుడు రీలు కొస లోపల పట్టకపోతే ఎన్నిసార్లు నొక్కినా అది కదలదు, ఒక్క ఫోటో పడదు. నేను ఆ మాట అన్న.

"రీలు పట్టలేదు, యాదగిరీ."

ఆయన మొకం తెల్లబోయింది. "నేనే ఎక్కించిన గద అన్నా."

"అయితది లే. పెండ్లి లొల్లిల ఎవరు సూసుకుంటరు" అన్న, ఓదార్చినట్టు.

ఆ ఓదార్చుడే నన్ను ఇన్నేండ్లు కాల్చింది. నేను కోపం చేసి ఉంటే ఆయన ఎదురు మాట్లాడేటోడు, పిన్ను తిరిగింది కదా అనేటోడు. నేను మంచిగా మాట్లాడిన. అందుకని నమ్మేసిండు.

ఊరు ఊరుకోదు కదా. ముడిమ్యాలలో ఆయనకు ఖాళీ రీలు యాదగిరి అని పేరు పడ్డది. ప్రతి పెండ్లిలో బావలు, వదినెలు, "యాదగిరిని కెమెరా దగ్గరికి రానియ్యకుండ్రి" అని నవ్వేది. వాళ్లమ్మ బాలవ్వ అయితే, కోడలు కాపురానికి వచ్చినాడు కూడా ఆ పిల్లతోని, "పిల్లా, వీని చేతికి ఏమియ్యకు, మాయం చేస్తడు" అన్నది. ఆయన కూడా నవ్వేటోడు. కానీ కొన్నాళ్లకు తన చెయ్యి మంచిది కాదని వీడియో కెమెరా నాకు అప్పగించి, ఆటో కొనుక్కొని మొయినాబాద్ నుంచి చిల్కూరుకు నడుపుకున్నడు.

నేను పెండ్లిళ్లు పూర్తిగా బంద్ పెట్టిన. ఇల్లు ఎట్ల గడిచిందంటే పాస్‌పోర్టు ఫోటోల మీద. సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని మా దిక్కు పిల్లలందరికీ ఒక్కసారే పాస్‌పోర్టులు కావాల్సివచ్చింది. పాస్‌పోర్టు ఫోటోలో ఎవరూ నవ్వరు. నవ్వని మొకం అయితే నా చెయ్యి నిలిచేది. "మా రాజన్న స్టూడియోల నవ్వితే తిడతడు" అని బయట జోకులు.

నా బిడ్డ శ్రావణి అప్పుడు చిన్న తరగతుల్లో చదువుతున్నది. ఒకనాడు సుజాత నాతోని, "బిడ్డ మీ ముందుకు వచ్చినప్పుడు సూసిన్రా?" అని అడిగింది. నేను చూడలేదు. అసలు సంగతే అది. సుజాత పిల్లను పిలిచింది. పిల్ల తలుపు అవతల కిలకిల నవ్వుతున్నది. గడప దాటి నన్ను చూడంగనే మూతి బిగించుకొని, చేతులు కట్టుకొని, పాస్‌పోర్టు ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డది.

"అట్లెందుకు నిలబడ్డవ్ బిడ్డా?" అన్న.

"నవ్వితే నువ్వు అటు తిరుగుతవ్ గద బాపూ" అన్నది.

మరుసటి వారమే సిటీలో మనసు జబ్బులు చూసే దవాఖానకు బయలుదేరినం. బస్సులో హోర్డింగులు దాటాలంటే నాతోని కాదు. సంగతి తెలిసి యాదగిరి ఆటో తెచ్చిండు. రెండు దిక్కులా రెక్సిన్ పరదాలు దించి, "ఎక్కు అన్నా, నిన్ను కొత్తకోడలి లెక్క తీసుకపోత" అన్నడు. సిటీ మొదట్లో దించి బస్సెక్కించేటోడు, పొద్దుమీకి మళ్లీ అక్కడే కాసుకొని ఉండేటోడు. కిరాయి ఇస్తే కోపం చేసేది. పరదా చాటున కూసొని నేను ఆయన వీపు చూసుకుంట పోయేది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పేందుకు అంతకంటే మంచి చోటు ఏముంటది? చెప్పలేదు.

సైకియాట్రీ డాక్టరమ్మ నా ఫైలు చూడలేదు. ముందు నా పని గురించి అడిగింది.

"పెండ్లిళ్లే తీస్తారా, ఇంకేమైనా తీస్తారా?"

"అప్పుడప్పుడు స్టేషన్ వాళ్లకు..." అని ఆగిన.

"చెప్పండి. నాకు టైముంది" అన్నది.

చెప్పిన. ఆకుపచ్చ చీర దాకా వచ్చి ఏడ్చిన. ఆమె నీళ్లిచ్చి, "దీన్ని పీటీఎస్‌డీ అంటారండి, ఘోరం చూశాక మనసులో మిగిలిపోయే జబ్బు. పిచ్చి కాదు, పిరికితనం కాదు. ట్రీట్‌మెంట్ ఉంది" అన్నది. ట్రీట్‌మెంట్ ఉంది అన్న మాట విన్నంక నాకు ఆకలైంది. క్యాంటీన్‌లో కూసొని ఇడ్లీ మీద ఇడ్లీ తిన్న. సుజాత నన్నే చూసుకుంట కూసున్నది.

అక్కడ రీసెర్చి చేసే ఒక అమ్మాయి ఉండేది. ఇష్టమైతే ఒక టెస్టుకు రమ్మన్నది. జుట్టుకు జెల్ రాసి, తల మీద వైర్లున్న టోపీ పెట్టి, చీకటి గదిలో కంప్యూటర్ ముందర కూసోబెట్టింది. దాన్ని ఈఈజీ అంటరు, మెదడులో లేచే కరెంటును గీతలుగ గీసి చూపిస్తది. తెర మీద బొమ్మలు వచ్చి రెప్పపాటులో పోతున్నయి. పూలు, కుర్చీలు, కోపం మొకాలు, ఏడుపు మొకాలు, నవ్వు మొకాలు. కొన్నయితే వచ్చినయో లేదో కూడా తెల్వలేదు. అయినంక, "ఏమైనా ఇబ్బందయిందా సార్?" అని అడిగింది. "ఏం లేదమ్మా, అంత తొందరగ పోతే ఏం కనబడతది" అన్న.

కొన్ని రోజులకు డాక్టరమ్మ గీతలు చూపించింది. కుర్చీ వచ్చినప్పుడు గీత చిన్నగా లేచి పడుకున్నది. మొకాలు వచ్చినప్పుడు ఎత్తుగా లేచింది. నవ్వు మొకానికి కూడా.

"చూడండి రాజేశం గారు. బొమ్మ కంట్లో పడగానే, అది ఏంటో మీకు పూర్తిగా తెలిసేలోపే, మెదడు ఒక తొందర లెక్క వేస్తుంది. ప్రమాదమా, కాదా అని. సెకండులో చిన్న ముక్కలో అయిపోతుంది. ట్రామా తర్వాత చాలామందిలో ఆ మొదటి లెక్క మారుతుంది. అమిగ్డలా అని లోపల ఒక అలారం ఉంటుంది, అది తొందరపడుతుంది. మీ మెదడు ఆ రోజు నవ్వునీ యాక్సిడెంట్‌నీ ఒకే చోట పెట్టేసింది."

"ఒకటే రీలు మీద పడ్డయి మేడం" అన్న.

"అలాగే అనుకోండి. కానీ ఈ గీతలు చూసి ఎవరికీ జబ్బు ఉందని చెప్పం. ఇది ఇంకా చదువుతున్న విషయం, అందరిలో ఒకేలా కూడా ఉండదు. మీకు మాత్రం ఒక సంగతి తెలియాలని చూపించాను. మీ చెయ్యి ఎగిరేది మీరు నిర్ణయం తీసుకోకముందే."

నేను ఆటోలో ఇంటికి పోయేటప్పుడు ఇదంతా యాదగిరికి చెప్పిన. "అంటే అన్నా, నీ మెదడు నీకు సెప్పకుంటనే ఫోటో కడిగి ప్రింటు ఏసేస్తున్నదన్నట్టు" అన్నడు. అంతకంటే బాగా ఇప్పటి దాకా ఎవరూ చెప్పలేదు.

గోలీలు మొదలైనయి. మొదట్లో మస్తు నిద్ర. ఒకాయనను పాస్‌పోర్టు ఫోటోకు కూసోబెట్టి నేనే ముక్కాలి మీద నిద్రపోయిన. ఆయన మంచోడు, లేపకుండ ఎదురుచూసిండు. డోసు తగ్గించినంక సర్దుకున్నది. దానితో పాటు ఎక్స్‌పోజర్ థెరపీ. భయపెట్టే దాన్ని కొంచెం కొంచెంగా, తట్టుకునేంత మేరకు చూసుకుంట పోవాలె. నవ్వే ఫోటో ఏదన్న చిన్నది పట్టుకొని మొదలు పెట్టమన్నది డాక్టరమ్మ. చిన్నదైనా నాతోని కాలేదు.

ఆ ఉపాయం నాకు స్టూడియోలో దొరికింది. పాత నెగటివ్‌లు సర్దుతుంటే ఒక పట్టీ లైటుకు ఎత్తి చూసిన. పెండ్లిపిల్ల నవ్వుతున్నది. గుండె దడదడ కొట్టుకోలేదు. నెగటివ్‌లో పండ్లు నల్లగుంటయి, జుట్టు తెల్లగుంటది, నా మెదడు దాన్ని నవ్వు అని గుర్తుపట్టలేదు. పట్టీలు పట్టుకొని దవాఖానకు ఉరికిన. డాక్టరమ్మ కిటికీకి ఎత్తి చూసి నవ్వింది. "బాగుందండి. ఇక్కడి నుంచే మొదలుపెడదాం" అన్నది.

నెగటివ్‌ల నుంచి బ్లాక్ అండ్ వైట్‌కు, దాని నుంచి గోరంత మొకాలుండే గ్రూపు ఫోటోలకు, దాని నుంచి పోస్టుకార్డు సైజుకు. దడ వస్తే పారిపోవద్దు, తగ్గే దాకా చూడాలె. తగ్గుతది. తగ్గుతదని ఒంటికి తెలిసే దాకా మళ్లీ చూడాలె. నడుమ ఒకసారి నాకు తొందరెక్కువై పాత ప్రొద్దుటూరు పెండ్లి ఫోటోలు డబ్బాలో నుంచి బయటికి తీసి చూసిన. వాంతులైనయి, చాలా రోజులు ఏ ఫోటో ముట్టలేదు. ఇంకొకసారి బజారులో పెండ్లి బరాత్ ఎదురొస్తే పాన్ డబ్బా వెనుక దాక్కున్న. పాన్ డబ్బాయన, "అప్పులోళ్లా అన్నా?" అని మెల్లగ అడిగిండు. డాక్టరమ్మకు చెప్పి నేను కూడా నవ్విన. కింది మెట్టు నుంచి మళ్లీ ఎక్కినం.

ఒక ఆదివారం శ్రావణిని స్టూడియోలో స్టూలు మీద కూసోబెట్టిన. అలవాటు ప్రకారం మూతి బిగించుకున్నది. "బిడ్డా, నవ్వు" అన్న. సుజాత దిక్కు చూసింది. సుజాత తల ఊపింది. పిల్ల నోరంతా తెరిచి నవ్వింది.

ముందటి పండ్లు లేవు. ఎప్పుడు ఊడినయో నాకు తెల్వదు. ఒక పక్క కొత్త పన్ను బియ్యపు గింజంత మొలుస్తున్నది. గుండె ఒక్కసారి ఎగిరింది, నేను కదల్లేదు, అది దిగింది. నొక్కిన. మళ్లీ నొక్కిన. రీలు అయిపోయే దాకా ఆ బోసి నవ్వే తీసిన. సుజాత, "సాలు, ఇగ ఆపుండ్రి, దానికి దవడలు నొస్తున్నయి" అనే దాకా తీసిన. ముగ్గురం నవ్వుకుంట, కండ్లు తుడుచుకుంట ఇంటికి పోయినం. తోవలో ఎదురైన ప్రతి మనిషినీ శ్రావణి ఆపి, "మా బాపు నన్ను సూసిండు" అని చెప్పింది. వాళ్లకు ఏం అర్థమైందో దేవునికే తెలుసు.

ఆ తరువాత మొయినాబాద్ ఫాంహౌజులో ఒక సాఫ్ట్‌వేర్ జంట పెండ్లి ఒప్పుకున్న. తెర దించిన్రు, పెండ్లిపిల్ల నవ్వింది, నేను తీసిన. తీసి, కెమెరా మెడకేసుకొని బ్యాండు ముందర ఎగిరిన కూడా.

లక్ష్మి పెండ్లినాటి సంగతి ఆ వారంలోనే సుజాతకు చెప్పిన. మొత్తం విన్నది. తరువాత, "డాక్టరమ్మ మీ కండ్లకు మందిచ్చింది. నోటికి కూడా ఏమన్న ఇస్తదేమో అడుగుండ్రి" అన్నది. తరువాతిసారి పోయినప్పుడు నిజంగనే డాక్టరమ్మతో అన్న. ఆమె నవ్వలేదు. "దానికి ట్రీట్‌మెంట్ నా దగ్గర లేదండి. ముడిమ్యాలలో ఉంది" అన్నది.

ఇప్పుడు నేను మంచిగున్న. గోలీలు ఆపి చాలా కాలమైంది, డాక్టరమ్మ చెప్పినంకనే ఆపిన. నెలల తరబడి ఏమీ ఉండదు, ఎప్పుడో ఒకసారి మూలమలుపు దగ్గర వేలు చల్లబడుతది. అప్పుడు బండి పక్కకు ఆపి, తగ్గే దాకా ఉండి, పోత. మీకు చెప్పేది ఒక్కటే. ఒంట్లో ఏదో తేడా అని డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఎక్కడ నొస్తున్నదో చెప్పి ఊరుకోకుండ్రి, దానికి ముందు ఏం చూసిన్రో కూడా చెప్పుండ్రి. వాళ్లు అడగకపోయినా చెప్పుండ్రి. నేను మొదటి డాక్టరుకే ఆ మాట చెప్పి ఉంటే నా బిడ్డ పండ్లు ఊడింది నాకు తెలిసేది, లక్ష్మి పెండ్లి ఫోటోలు గోడ మీద ఉండేటియి.

ఇంక మిగిలింది ముడిమ్యాల.

డాక్టరమ్మ ఆ మాట అన్నంక, లక్ష్మి, ఆమె మొగుడు పుట్టింటికి వచ్చిన ఆదివారం చూసుకొని పోయిన. బాలవ్వ వాకిట్లో కందులు ఏరుతున్నది. యాదగిరి ఆటో కడుగుతున్నడు. లక్ష్మి చాయ్ తెచ్చింది. నేను జబ్బు నుంచి మొదలుపెట్టిన. మెదడు, అలారం, గీతలు అని చెప్పుకుంట పోతున్న. యాదగిరి చెయ్యి తుడుచుకొని వచ్చి ఎదురుంగ కూసున్నడు.

"అన్నా, జబ్బు సంగతి నాకు తెల్వదా? పరదాలు కట్టి తీస్కపోయింది నేనే గద. ఇంకేదో ఉన్నది. అది చెప్పు."

చెప్పిన. ఫ్లాష్ వెనుక బటన్ సంగతి, కండ్లు మూసుకున్న సంగతి, ఒక్కసారి కూడా షటర్ నొక్కని సంగతి.

బాలవ్వ చేట పక్కకు పెట్టింది. "అంటే నా కొడుకును ఇన్నేండ్లు ఉత్తపుణ్యానికి ఆడిపోసుకున్ననా?" అన్నది. లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, ఏడుస్తున్నదనుకున్న. నవ్వుతున్నది. "పోనియ్యి అన్నా. ఆనాడు నువ్వు లైటు ఏసినప్పుడల్లా ఈయన కండ్లు మూసిండు. ఫోటోలు వచ్చినా గుడ్డి పెండ్లికొడుకే వస్తుండె" అన్నది. ఆమె మొగుడు, "నువ్వెప్పుడు సూసినవ్, తల వంచుకొని కూసున్నవ్ గద" అన్నడు. మొగుడు పెండ్లాలు వాదులాటల పడ్డరు.

యాదగిరి మాత్రం నవ్వలేదు. రెండు చేతులు ముందుకు చాపి, గాలిలోనే మూత తెరిచి, కొస లాగి, స్పూలుకు పెట్టి, మూత వేసి, లివర్ తిప్పిండు. తల పక్కకు వంచి చూసిండు.

"పిన్ను తిరిగింది గద అన్నా?" అన్నడు. "నేను తప్పు సూసిన్నేమో అనుకున్న. తిరిగింది గద?"

"తిరిగింది."

"అమ్మా, ఇన్నవా? తిరిగిందట" అన్నడు. అప్పుడు ఆయన మొకం మీదికి వచ్చిన నవ్వును నేను తల తిప్పకుండ, రెప్ప వెయ్యకుండ చూసిన. చూసి, ఆయన చేతులు పట్టుకొని, అక్కడున్న అందరూ వినేటట్టు చెప్పిన:

"యాదగిరీ, నువ్వు రీలు మంచిగనే ఎక్కించినవ్. నాతోని కాలేదని చెప్పనీకి సిగ్గయి, నీ మీద పెట్టిన. నువ్వు నన్ను ఆటోల కూసోబెట్టుకొని తిప్పినన్ని రోజులూ తెలిసే ఊకున్న. అది జబ్బు కాదు, నా తప్పు. నన్ను మాఫ్ చెయ్యి, తమ్ముడా."